గార

పిక్క అని పేరు పెట్టాం దానికి,
చింతపిక్క రంగు కనక.
మల్కాపురంలో మా సందువాళ్లు మాత్రం
మనుషుల పిక్కలు పట్టుకుంటుందనే అనుకున్నారు
ఏడేళ్లుగా.

ఆగస్టులో దాని నోరు వాసనేసింది.
ఎండుచేప వాసన కాదు, అది నాకు తెలుసు,
అందులో ఉప్పుంటుంది.
ఇది పడవ అడుగున
ఎవరూ తోడని నీళ్ల వాసన.
"ఓలమ్మ, దానికి ముద్దులెట్టకండి"
అని నూకరత్నం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ సుభాషిణి దాని పెదవి పైకెత్తి చూపించింది.
కోరపన్ను మొదట్లో, చిగురుకి ఆనుకుని
పసుపూ గోధుమా కలిసిన పెంకు.
"గార" అంది.
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అమ్మా, నా పనే అది.
ఇరవై రెండేళ్లుగా
నీళ్లు తోడేసిన డాక్‌లో ఓడ కింద నిలబడి
దాని పొట్టకి పట్టిన గుల్లలు గీకుతున్నాను.
కొన్నాళ్లు వదిలేస్తే
ఉక్కుకైనా గడ్డం మొలిపిస్తుంది సముద్రం.
నోరూ సముద్రమే కాబోలు,
ఎప్పుడూ తడిగా, ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుంటూ.

"ఇంట్లో గీకేస్తారా ఏంటి?" ఆవిడ కళ్లెర్రజేసింది.
"రాయైపోయింది. మత్తిచ్చి మేం తీస్తాం.
మళ్లీ రాయి కాకుండా చూడ్డం మీ పని.
రోజూ. మెత్తటి బ్రష్.
మీ పేస్టు మాత్రం వద్దు,
అది ఉమ్మలేదు కదా."

ఉమ్మలేదు కదా.
ఆ మాట ఆటోలో నా పక్కన కూర్చుని
సింధియా దాకా వచ్చింది.
చేదైనా కారమైనా
మనం పెట్టిందంతా మింగాల్సిందే అది.

మత్తులోంచి లేచేసరికి రెండు పళ్లు లేవు.
కాగితంలో చుట్టి ఇచ్చారు.
ఒకటి నిలువునా చీలిన దవడపన్ను.
ఆదివారం బొమికలు నేనే వేసేవాణ్ణి,
కటుక్కుమన్న చప్పుడికి
మురిసిపోయి ఇంకోటి వేసేవాణ్ణి.

మొదటి రాత్రి కోడి వాసన పేస్టు వేలికి రాస్తే
నాకింది. అంతే.
మూడో రాత్రి ముందు పళ్లు నాలుగు.
అయిదో రాత్రి బ్రష్ రెండు ముక్కలు చేసి
మంచం కిందికి దూరింది.
"బేగి రండి, ఓడ పారిపోతంది!"
నూకరత్నం గోడకి ఆనుకుని ఒకటే నవ్వు.

ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి.
పెదవి ఎత్తాలి, నోరు తెరవక్కర్లేదు.
పై పళ్లు, వెనక దవడ, చిన్న చిన్న సున్నాలు.
లోపలి వైపు నాలుక కొంత చూసుకుంటుంది.
బలం పనికిరాని పని నా బతుకులో ఇదొక్కటే.
గీకి గీకి కాయలు కాసిన బొటనవేలు
ఎక్కడ ఆగాలో
చిగురుని అడిగి నేర్చుకుంది.

పందుంపుల్ల పొద్దున్నే, అదీ గుర్తుంటే.
రాత్రి పళ్లు తోముకోవడం
నా ఒంట్లో లేని అలవాటు.
ఎడమవైపు మూడు పళ్లు ఖైనీకే ఇచ్చేశాను.
"కుక్కకి కోడి పేస్టు, మీకు ఖైనీ, బాగుంది" అందోసారి.
మర్నాడు కిటికీలో రెండు బ్రష్షులు.
ఎవరు పెట్టారని అడగలేదు.

తుఫాను రాత్రి కరెంటు పోయింది.
రేకు ఒకటి ఎగిరి ఎటో పోయింది.
"ఈ పూటకి ఒగ్గేయండి" అంది చీకట్లోంచి.
కానీ పిక్క బాత్రూం గుమ్మంలో కూర్చునుంది.
దానికి గాలి పేరు తెలీదు,
తొమ్మిది గంటలు తెలుసు.
ఉన్న పళ్లతో టార్చి కరిచి పట్టుకుని
దాని పళ్లు తోమాను.

మొన్న డాక్‌లో కొత్త ఓడ.
మోకాళ్ల దాకా గుల్లల పొడి.
చివరి వరస గీకి, చేత్తో తట్టి
"అయిపోయింది, అయిపోయింది, మంచిపిల్లవి" అన్నాను.
గౌరునాయుడు గీకడం ఆపి చూశాడు.
"ఎవుల్తో మాటాడతన్నావురా?"