లద్ది

పాలకొల్లులో పెళ్లి. గుర్రం మీరావలిది.
ఊరేగింపు మండపం చేరేసరికి
ఎవరో మోతుబరి ముచ్చటపడి
వెండిపళ్లెంలో లడ్డూలు పెట్టాడట, పదకొండు.
ఆపైన పిల్లలెవరో బూరెలు.
పెళ్లికొడుకు దిగిపోయాక
నీళ్లు పెట్టాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

రాత్రి ఒంటిగంటకి నా తలుపు కొట్టాడు.
రిటైరైన పశువుల కాంపౌండర్ని నేను.
డాక్టరుగారు ఆచంటలో గేదె పురుడు దగ్గరున్నారు.
లాకుల పక్కన ఇసకలో షాజాది
పడుకుంటోంది, లేస్తోంది, మళ్లీ పడుకుంటోంది,
మెడ తిప్పి తన డొక్కనే చూసుకుంటోంది
అక్కణ్నుంచి ఎవరో పిలిచినట్టు.
జరీ జీను ఇంకా విప్పలేదు.

డొక్కకి చెవి ఆనించాను.
బాగున్న గుర్రం కడుపంటే
లాకులెత్తిన నరసాపురం కాలువ.
గుడగుడ, బుడబుడ,
మధ్యలో ఎక్కడో వంతెన మీద బండి వెళ్లిన చప్పుడు.
కుడిపక్క విన్నాను. ఎడమపక్క విన్నాను.
మే నెలలో కట్టేసిన కాలువ.

మీరావలి కుక్క కర్రోడు,
అదే పెళ్లి ఎంగిలాకుల్లో మునిగి తేలిన ఘటం,
గట్టుమీద నాలుగు గరిక పోచలు కొరికి
వంగి, భళ్లున కక్కేసి,
తోకూపుకుంటూ వచ్చి మా పక్కన కూర్చున్నాడు.
గుర్రానికి ఆ వరం లేదు.
మింగిందేదీ వెనక్కి రాదు,
ఆ చీకటి దారంతా నడిచి
అటే బయటపడాలి.

ఫోనులో డాక్టరుగారు చెప్పిన సూది వేశాను.
"దొర్లనివ్వకండి, పేగు మెలిపడుద్ది. నడిపించండి."
నడిపించాం.
లాకుల నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా,
ఐసు ఫ్యాక్టరీ నుంచి లాకుల దాకా.
దోమలు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల హోరు.
అల్లాతో అంటున్నాడో గుర్రంతో అంటున్నాడో,
మీరావలిది ఒకటే మాట
"ఒక్క ఉండ, తల్లీ. ఒక్కటంటే ఒక్క ఉండ."

నాలుగున్నరకి, పాలవ్యాను వెళ్లాక,
షాజాది ఆగింది.
తోక లేచింది.

మీరావలి దోసిలి పట్టాడు.
పొగలు కక్కుతున్న లద్దిని
టార్చి వెలుతురులోకి తెచ్చి
"చూడండి సార్, చూడండి" అన్నాడు,
పురిటిగది బయట మంత్రసాని బిడ్డని చూపించినట్టు.
నేనూ, సిగ్గెందుకు,
దగ్గరగా వంగి వాసన చూశాను.
గడ్డి. కొంచెం పులుపు. ఏలకులు.

తెల్లారి డాక్టరుగారొచ్చి స్టెతస్కోపు పెట్టి
"పారుతోంది" అన్నారు,
వారం దాకా ఎండుగడ్డీ నీళ్లేనన్నారు.

వచ్చే నెల వీరవాసరం పెళ్లిలో చూశాను.
జరీ జీనుకి వేలాడుతూ ఒక అట్టముక్క,
"గుర్రానికి లడ్డూలు పెట్టరాదు."
కింద, బొగ్గుతో, తర్వాత తట్టినట్టు,
"నీళ్లు పెట్టండి."
పెళ్లివారు వంగి చదివి నవ్వుకుంటున్నారు.
కర్రోడికి చదువు రాదు,
ఎంగిలాకుల వైపు పోతున్నాడు.