పసుపు చుక్క

మా ఊళ్ళో గుట్టలన్నీ నల్లనివే.
పోలండ్ నుంచి ఈ ఫ్రాన్సు ఉత్తరానికి వచ్చి
మా తాత భూమి కడుపులోంచి
తోడిపోసిన రాళ్ళవి.
గని మూసిన ఏడు
బీట్‌దుంపల చేలో ఇంజన్ల ఫ్యాక్టరీ లేచింది.
రెండు కంపెనీల పొత్తు.
బయట ఒకరి పేరెత్తితే ఒకరికి పడదు,
లోపల ఒకటే మూస, ఒకటే ఇనుము.

నా పేరు లుదివీన్ కచ్‌మరెక్.
నాది నలభై ఒకటో గడి.
నిమిషానికొక ఇంజన్ నా ముందు ఆగుతుంది.
పది బోల్టులు. పదీ బిగిసే దాకా
రెంచి నా మణికట్టులో కొట్టుకుంటుంది.
బిగిసిందనడానికి గుర్తుగా
ఏడో బోల్టు పక్కన పసుపు రంగు చుక్క.
కుడి పట్టాలెక్కితే ఒక కంపెనీకి,
ఎడమ పట్టాలెక్కితే ఇంకో కంపెనీకి.
పొత్తిళ్ళలో బిడ్డని చూసి
ఏ ఇంటికి పోతుందని మంత్రసాని అడగదు.
నేనూ అడగలేదు.
పందొమ్మిదేళ్ళు.

శనివారాలు బారులో ఫుల్బేర్, అంసెల్మ్
బీరు నురగ మీసాలతో తగువు పడేవాళ్ళు.
నీ బండి గొంతు బొంగురని ఇతను,
నీది ఎత్తెక్కాలంటే ఆయాసపడుతుందని అతను.
ఒక చలి రాత్రి ఇద్దరి బండ్లూ మొరాయించాయి.
రెండు బానెట్లూ ఎత్తి
నాచేత టార్చి పట్టించారు.
రెండింట్లోనూ ఏడో బోల్టు పక్కన
నా చుక్క.
ఒకటి కొంచెం జారి ఉంది,
ఆ రోజు నాకు జ్వరమేమో.
నేను చెప్పలేదు.
ముసలాళ్ళకి మిగిలిన కాస్త తగువునీ
ఎందుకు పాడుచేయాలి?

మొన్న మార్చిలో నోటీసు అంటించారు.
పొత్తు ముగిసిందట.
ఒక కంపెనీ తూర్పున కొత్త చుట్టాన్ని వెతుక్కుంది,
రెండోది అసలు ఇంజనే వద్దంది.
వేరు పడే పాలివాళ్ళు బిందెలూ చెంబులూ పంచుకున్నట్టు
డ్రాయింగులు పంచుకున్నారు, మూసలు పంచుకున్నారు,
మమ్మల్ని ఎవరి వాటాలోనూ రాసుకోలేదు.
ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్ళకి
తెప్పలో ఎవరున్నారో లెక్కుండదు.
క్యాంటీన్లో యూనియన్ వియొలెత్త
నోటీసు మూడుసార్లు చదివి
'మన కుటుంబం' అన్న మాట కింద గీత గీసింది,
కాగితం చిరిగేలా.

ఆఖరి ఇంజన్ డిసెంబరులో, ఒక గురువారం వచ్చింది.
ఎవరో దానికి రిబ్బను కట్టారు.
మేనేజరు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.
నేను పది బోల్టులూ బిగించి
పదింటికీ చుక్క పెట్టాను.
రూలు ప్రకారం అది తప్పు.
ఎవరూ దిద్దలేదు.

పోయిన వారం ఫుల్బేర్ కొత్త బండి తెచ్చాడు.
చప్పుడు లేదు, పొగ లేదు.
బానెట్ కింద నల్ల ప్లాస్టిక్ మూత,
దాని మీద పిల్లి పడుకునేంత జాగా.
'మోటారు ఎవరిదే?' అన్నాడు.
అమ్మిన కుర్రాడికీ తెలియదట,
నాలుగు కంపెనీలు కలిసి ఎక్కడో చేయిస్తాయట.
అంసెల్మ్ పోయాడు,
వంక పెట్టే మనిషి లేక
ఫుల్బేర్‌కి బండిని పొగడటం కూడా చేతకావడం లేదు.

చొక్కా చేతులు మడిచి కిందికి దూరాను.
టార్చి. మంచు కలిసిన బురద. అల్యూమినియం పెట్టె.
దాని మూల బోల్టు పక్కన
చిటికెన గోరంత నీలం చుక్క,
కొంచెం ఎడమకి జారి.

ఎవరి చెయ్యో.
ఆరిందో లేదో అని
గోటితో తాకి చూశాను.