ఎలుగు

నయీంనగర్‌ల జెరాక్స్ దుకాణం మీది రూము.
శనివారం రాత్రి మేం నలుగురం.
నేలమీద చాప, చాపమీద అట్టముక్క,
అట్టమీద పెన్సిలుతోని గీసిన గుహ.
చింతగింజలు రాకాసులు.
ఆడేటోళ్లు ముగ్గురికి మూడు గవ్వలు.
ఇరవై మొకాల పాచిక ఒక్కటే ఉన్నది,
అది దొర్లినప్పుడల్లా
కింద షట్టర్ కాడి కుక్క మొరుగుతది.

ఆట నడిపేది నేను.
కతల వాన నేనే, గబ్బిలాలు నేనే,
చచ్చేదెవరో తేల్చేది గూడ నేనే.

సదానందం మంత్రగాడు. రూపాలు మారుస్తడు.
వాగు దాటంగ నీటికుక్క అయిండు,
కోటగోడ ఎక్కంగ బల్లి అయిండు,
ఆ రాత్రి చింతగింజలు చుట్టుముడితే
ఎలుగుబంటి అయిండు.
ఇద్దరిని చీరిండు. మేం ఈలలేసినం.

అప్పుడే ఫర్హానా కాలికి తేలు కుట్టింది.
ఆటలనే. ఆమె కత్తి పట్టిన సిపాయి.
మూడు వంతులల్ల విషం మోకాలు దాటుతది అన్న.
"విషం దించే మంత్రం వేస్తున్న" అన్నడు సదా.

పుస్తకం తీసిన. జెరాక్స్ కాపీ,
అంచులకాడ అక్షరాలు సగం తెగినై.
రూపం మారినోనికి మంత్రం కుదరదు.
ఎలుగు నోట్లె మాట పుట్టదు,
ఎలుగు పంజకు ముద్ర పట్టదు,
మూలికల సంచి బొచ్చుల కలిసిపోయింది.
మళ్ల మనిషి కావాలె.
మనిషైతే నీకున్న పానం నాలుగు,
చింతగింజలు ఏడు.

కొమురెల్లి లొల్లి పెట్టిండు:
"ఎలుగంటే గొంతు గూడ గదక్కా,
ఎలుగెత్తి పిలిచిండు అనమా?"
"గా ఎలుగు వేరు" అన్న.
"మనసుల అనుకుంటే సాలదా? లోపట మనిషే గదా?"
"లోపట ఎవడుంటేంది, నోరు వేరే.
పళ్లు వేరే, నాలిక వేరే.
పలుకు తిరగకుంటే మంత్రం పారదు."

ఆ మాటకు సదా నవ్విండు.
పాచిక అరచేతిల తిప్పుకుంట
"మా ఊళ్లె గూడ ఇదే రూలు" అన్నడు.

జగిత్యాల అవుతల ఊరు.
ఓదెలు తాత తేలుమంత్రం వేసేటోడు.
అర్ధరాత్రి తలుపు కొట్టినా
వేపమండ పట్టుకొని లేచిపోయేటోడు, పైస ముట్టకుంట.
ఒక వానకాలం ముగ్గురు పిల్లలకు జరమొచ్చింది.
ఒకడు దక్కలే.
బాణామతి అన్నరు.
కరెంటు పోలుకు కట్టేసిండ్రు.
ట్రాక్టరు డబ్బాలకెల్లి పట్కారు తెచ్చి
ముందటి పళ్లు పీకిండ్రు,
ఆరో, ఏడో.
పళ్లు లేకుంటే పలుకు తిరగదు.

"నేను పుట్టకముందు సంగతి.
నన్ను సదా అనరాక హదా అనేటోడు.
ఇంట్ల ఇప్పటికీ అందరికి హదానే."

తర్వాత? అన్నది ఫర్హానా.

"తర్వాత ఏమున్నది. తేళ్లు ఆగుతయా?
పట్కారు పట్టినోని పెండ్లామే వచ్చింది ఓనాడు,
కాలు ఉబ్బి, ఏడ్సుకుంట.
తాత ఏం చదవలే. చదవొస్తదా?
తెల్లారేదాక ఆమె మడిమె పట్టుకొని కూసున్నడు.
తగ్గింది.
ఎందుకు తగ్గిందో మరి,
కొన్ని తేళ్లకు అంత విషముండదంట."

చాయ్ మీద మీగడ కట్టింది.
నేను పుస్తకం మూసిన.
"ఈ రూలు తీసేద్దాం" అన్న.
"వద్దక్కా, ఉండనియ్యి.
ఎలుగు మంత్రం వెయ్యదు."
తన గవ్వను జరిపిండు,
ఫర్హానా గవ్వ పక్కకు, చింతగింజలకు అడ్డం.
"పంజ ఆమె కాలిమీద పెడుతున్న.
తెల్లారేదాక తియ్య.
దీనికెంత పడాలె?"

పుస్తకంల అసొంటి పేజీ లేదు.
పన్నెండు అన్న, నోటికొచ్చిన లెక్క.

పాచిక చాప దాటి, బీరువ కిందికి పోయింది.
ఫర్హానా పండుకొని, ఫోను లైటు వేసి,
జరసేపు చూసి
"పదమూడు" అన్నది.
మేమెవ్వరం వంగి చూడలే.
కింద కుక్క ఇంకా మొరుగుతనే ఉన్నది.