సబ్బుముక్క

జిప్పు ఇరుక్కుంటే లాగకండి.
లాగేకొద్దీ మొండికేస్తుంది, పసిపిల్లలాగే.
నాకివ్వండి ఆ కోటు. కూచోండి.
బయట మంచు ఇప్పట్లో తగ్గేది కాదు,
పద్దెనిమిదో వీధి బస్సూ ఇప్పట్లో వచ్చేది కాదు.

మా ముత్తవ్వ బోహుమిలా
ఈ చికాగోలోనే గిన్నెలు తోమింది.
పద్దెనిమిది వందల తొంభై మూడు, ఎండాకాలం.
సరస్సు ఒడ్డున తెల్లటి నగరం లేచింది.
రాయి కాదు, సున్నంలో నార కలిపి పూసిన పూత.
రాత్రయితే వేల దీపాలు,
ఒత్తి లేదు, నూనె లేదు, ఊదితే ఆరవు.
ఆకాశమంత చక్రం తిరిగేది,
ఒక్కో గూటిలో అరవై మంది.
ఎక్కాలంటే యాభై సెంట్లు,
ముత్తవ్వ రోజుకూలీకి అయిదు తక్కువ.
ఎక్కలేదు.
"మెడ నొప్పెట్టేదాకా చూశా, చాల్లే" అనేదట.

హోటల్ వంటింట్లో ఆమె చూసిన లోకం వేరు:
దేశదేశాలవాళ్ళూ తిని వదిలిన ఎంగిలి.
కాఫీ మడ్డి, ఆవపిండి మరకలు,
ఎవరి పిల్లో సగం కొరికి పడేసిన రొట్టె.
చాకలిసోడా నీళ్ళకు వేళ్ళు చిట్లి
రాత్రి దుప్పటి దారాలు పుళ్ళలో చిక్కుకునేవి.

ఒకరోజు యంత్రం దిగింది.
రాగి బాన, లోపల తీగల బుట్టలు.
పిడి తిప్పితే వేడినీళ్ళు చిమ్మి
ఆమె పొద్దంతా తోమే పళ్ళేలు
కాఫీ చల్లారేలోపే తళతళ.
కనిపెట్టింది ఆడమనిషేనని విని
అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ముత్తవ్వే.

మూడు వారాలకు చేతులు ఎండాయి.
చర్మం కలిసింది.
తన అరచేతిలోనూ గీతలున్నాయని
ఇరవై రెండేళ్ళకు తెలిసింది.
నాలుగో వారం
లెక్కచూసి పంపేశారు.

మంచిదా చెడ్డదా అని నన్నడక్కండి.
రెంటికీ మా ఇంట్లో ఒకటే మాట:
"చేతులు ఎండాయి."

ఆ సాయంత్రం ఏప్రన్ విప్పకుండానే తిరిగింది.
ఓ మూల, ఈగలు తప్ప ఎవరూ వాలని బల్ల.
బూటుకు కొక్కేల వరస, దానిమీద జారే ఇనప బిళ్ళ.
ఇక గుండీలు అక్కర్లేదని
కుర్రాడొకడు గొంతు చించుకుంటున్నాడు.
బిళ్ళ సగంలో ఇరుక్కుంది.
చూసినవాళ్ళిద్దరూ నవ్వి చక్రం వైపు నడిచారు.
వాడి చెవులు ఎర్రబడ్డాయి.
ముత్తవ్వ వంగి
జేబులో మిగిలిన సబ్బుముక్క తీసి రుద్దింది.
బిళ్ళ కదిలింది.
అతను ఇంగ్లీషులో ఏదో అన్నాడు,
ఆమె చెక్ భాషలో ఏదో అంది.
అంతే. పెళ్ళీ గిళ్ళీ ఏం లేదు, కథలల్లకండి.

తెల్లనగరం మరుసటేడే కాలిపోయింది.
చక్రాన్ని తర్వాతెప్పుడో, ఇంకో ఊళ్ళో
మందుగుండు పెట్టి కూల్చి తుక్కుకింద అమ్మారు.
దీపాలు ఇంటింటికీ వచ్చి మామూలైపోయాయి,
బిల్లు వచ్చిన రోజే గుర్తొస్తాయి.
ఎవరూ ఆగి చూడని ఆ కొక్కేల వరసే
ఎన్నో చేతులు మారి, పళ్ళు సన్నబడి,
ఇవాళ మీ గొంతుకింద ఇరుక్కుంది, దోన్యా ఎఫిహేనియా.

వీధి మారింది.
మా చెక్ బేకరీ పొయ్యిమీద ఇప్పుడు మీ తమాలేలు.
ఈ సొరుగులో సబ్బు మాత్రం అలాగే.
ఖరీదైనది వద్దు, బట్టల సబ్బు చాలు.
రెండు వైపులా రుద్ది,
ఊపిరి బిగబట్టి, కిందికోసారి, పైకోసారి...

ఆఁ. చూశారా.
కూలి ఏముందిలెండి దీనికి,
యాభై సెంట్లుంటే పెట్టండి.
చక్రం టికెట్టు బాకీ ఒకటి
మా ఇంట్లో ఇంకా తీరలేదు.

అదుగో మీ బస్సు.
మెడదాకా వేసుకోండి.