చిల్లిగవ్వ

వ్లిసింగెన్‌లో కరకట్ట కింద, గాలికి కాగితాలు లేచిపోకుండా
నాలుగు మూలలా నాలుగు ఆల్చిప్పలు పెట్టి
యాకోమినా బల్ల వేసుకుంటుంది, శనివారం శనివారం.
భూతద్దం, పాత పళ్ళబ్రష్షు, ఫ్లాస్కులో కాఫీ.
ముప్పయ్యేళ్ళు ఫెర్రీ టికెట్లు చింపిన వేళ్ళు
ఇప్పుడు పిల్లల బకెట్లు కెలుకుతాయి.

"ఇది ఎడమ చిప్ప. దీని కుడిది ఇక్కడ వెతక్కు.
అల జంటని విడదీసి
చెరోదాన్నీ చెరో ఒడ్డుకి విసిరేస్తుంది."

"ఈ నల్లది నీకంటే, నాకంటే, ఈ కట్టకంటే ముసలిది.
బురదలో పడుకుని పడుకుని అలా కమిలింది.
తోమకు. అది మురికి కాదు, వయసు."

"ఈ బెజ్జం చూడు, అంచు ఎంత నున్నగా ఉందో.
గోళీకాయంత నత్త పైకెక్కి, నాలుకతో
రోజుల తరబడి తొలిచి, లోపలిదాన్ని తాగేసింది.
హత్యే.
దారం ఎక్కించుకో, మెళ్ళోకి బావుంటుంది."

అందరూ నవ్వుతారు. ఆమె నవ్వదు, పుస్తకంలో రాస్తుంది:
పేరు, తేదీ, ఆ రోజు గాలి ఎటునుంచో.

నవంబరు తుఫాను మర్నాడు
గ్రాసీటా వచ్చింది, తొమ్మిదేళ్ళది, ముక్కు కారుతూ.
వెనకాల అమ్మమ్మ, పారామారిబోలో పుట్టిన మనిషి,
చలిని తిట్టుకుంటూ.
పిల్ల గుప్పిట విప్పితే గవ్వ.
పసుపు తిరిగిన తెలుపు, పళ్ళు బిగించిన నోరు,
వీపున చిల్లి.

యాకోమినా భూతద్దం తీసి, చూడకుండానే పెట్టేసింది.
"ఇది ఈ సముద్రానిది కాదు. ఈ చలికి బతకదు.
వెచ్చటి దీవుల్లో పుట్టి, మూటల్లో, ఓడ అడుగున బరువుకి..."
ఆగింది.
రేవుల పేర్లు అరిచిన గొంతు అది, తడబడ్డం ఎరగదు.
"డబ్బు. అప్పట్లో డబ్బు ఇది.
ఇక్కడినుంచి ఆఫ్రికాకి పోయేవి. ఏదో ఓడ మునిగుంటుంది."

"వీటితో ఏం కొనేవాళ్ళు?"

కట్ట మీద ఎవరిదో కుక్క మొరిగింది.
అమ్మమ్మ ఒక్క మాట అంది, డచ్చిలో కాదు, తన నుడిలో.
పిల్లకి మాట అర్థమైంది.
మాకు ఆ పిల్ల మొహం.

వరసలో వాళ్ళ వెనక నేనున్నాను.
మా భాషలో చిల్లిగవ్వ అంటే ఏమీ లేకపోవడం.
ఎన్నిసార్లన్నానో ఆ మాట, జేబులు దులిపి చూపిస్తూ.
ఎన్ని చిల్లిగవ్వలకి ఒక మనిషో
ఎప్పుడూ లెక్క కట్టలేదు.

యాకోమినా పుస్తకంలో పేరు రాసింది, తేదీ రాసింది,
గాలి దగ్గర కలం ఆగిపోయింది.
అమ్మమ్మ గవ్వని ముట్టుకోలేదు.
పిల్ల చేతిని మాత్రం, గవ్వతో సహా, తన కోటు జేబులో దోపుకుని
కట్ట ఎక్కి వెళ్ళిపోయింది.

"తర్వాత?" అంది యాకోమినా, తల ఎత్తకుండా.
నా చిప్ప ఎడమదో కుడిదో అడుగుదామని వచ్చాను.