ఎండ తాగిన పద్దు

ప్రతి నెలా ఐదో తేదీలోగా
ఎండ ఎంత తాగిందో రాసి పంపాలి నేను.

కొలరాడో మైదానంలో, ప్లాట్ నది పక్కన
నలభై ఎకరాల గుంట.
ఒకప్పుడు అది నేలే. నేల కింద కంకర,
రాయికీ రాయికీ మధ్య సందుల్లో
ఎవరి కంటా పడకుండా నడిచే నీళ్ళు.
యుసేబియో డ్రాగ్‌లైన్ బకెట్ దించాడు.
పైకప్పు లేచిపోయింది.
నీళ్ళు మొదటిసారి ఆకాశాన్ని చూశాయి.
ఆకాశమూ నీళ్ళను చూసింది,
వచ్చిన చిక్కల్లా అదే.

ఆ సాయంత్రం ఇంజను ఆపి, టోపీ తీసి
"చెరువు పుట్టింది" అన్నాడట.
చెరువు కాదు యుసేబియో,
మూత తీసి మరిచిపోయిన కుండ.

నా కొలపాత్ర ఒక రేకు పళ్ళెం.
నాలుగడుగుల వెడల్పు, గట్టు వారన, చెక్క పీట మీద.
పొద్దున్నే వెళ్ళి
నిన్నటి గీతకీ ఇవాళ్టి గీతకీ మధ్య
లేని నీళ్ళను కొలుస్తాను.
ఉన్నదాన్ని ఎవరైనా కొలుస్తారు.
నాకు జీతమిచ్చేది లేనిదానికి.

జులైలో జానెడు పోయింది.
జానెడే కదా, అంటాడు మేనేజరు.
నలభై ఎకరాల జానెడు.

మైలు దిగువన లొరెట్టా వైస్‌గెర్బర్ బావిలో
మోటారు గాలి మింగి దగ్గింది.
చక్కెర దుంపలు నాలుగాకులేసి నిలబడిపోయాయి.
ఆమె నీళ్ళు మా గుంట మీద మబ్బయి
నెబ్రాస్కాలో ఎవరి చేలో కురిశాయో
రసీదు లేదు.
ఆమె ఆఫీసుకొచ్చింది. మాటేమీ అనలేదు.
ఇసుక కొరికి తినేసిన పంపు చక్రాన్ని
నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.
ఇంకా అక్కడే ఉంది,
కాగితాలు ఎగరకుండా.

తాగింది ఎండే అయినా
తీర్చాల్సింది తవ్వినవాడు, అంటుంది చట్టం.
అందుకని కొండల కింది రిజర్వాయరులో నీళ్ళు కొంటాం.
గురువారం గురువారం తూము చక్రం
పదకొండు చుట్లు తిప్పుతాను, తుప్పు చేతికంటుతుంది.
నీళ్ళు కాలవలో వచ్చి ఇసుక మడిలో పడి
చప్పుడు లేకుండా ఇంకిపోతాయి.
అవి కిందకి దిగి, చీకట్లో దారి వెతుక్కుని
లొరెట్టా చేని కిందికి చేరేసరికి
మళ్ళీ దుంపలు నాటే కాలం.
ఆకలి ఇవాళ్టిది. అన్నం వచ్చే ఏడు.

ఫలానా తేదీకి ముందు తవ్విన గుంటలకు మాఫీ.
ఆ తేదీ ఎండకి ఎవరూ చెప్పలేదు.

డిసెంబరులో గుంట మీద
మూకుడు బోర్లించినట్టు మంచుగడ్డ.
బాతులు దానిమీద జారుతూ తిట్టుకుంటాయి.
ఆ ఒక్క నెలా నా గడిలో చిన్న అంకె.
ఆ నెల నాకూ నిద్ర పడుతుంది.

కంకరంతా రోడ్లయింది,
విమానాశ్రయమయింది, నా ఇంటి పునాది అయింది.
కొంచెం యుసేబియో సమాధి చుట్టూ
ముగ్గులా పోశారు వాళ్ళావిడ కోరితే.
అతను పోయి రెండు చలికాలాలు.
అతను తీసిన మూత మాత్రం తీసినట్టే ఉంది.
గుంట మూసేసి, గేటుకి తాళమేసి
కంపెనీ పేరు మార్చుకున్నా
ఈ పద్దు నడుస్తూనే ఉంటుంది, నా తర్వాత ఎవరో రాస్తారు.

నిన్న నలుపూ తెలుపూ పిట్టొకటి
పళ్ళెం అంచున వాలింది, ఇనప వల సందులో ముక్కు దూర్చి
మూడు గుక్కలు తాగి, నన్ను చూసి
ఇంకొకటి తాగి, ఎగిరింది.
ఎవరి ఖాతా? ఎండదా?
రిమార్కుల గడిలో రాశాను:
పిట్ట తాగింది. నాలుగు గుక్కలు.
ఆఫీసు తిప్పి పంపింది,
పిట్టను తీసేసి మళ్ళీ పంపండి అని.

తీసేశాను.
గురువారం చక్రం
ఇంకో పావు చుట్టు తిప్పాను.