మామ మూట ఎండకేసే రోజు

ఏడాదికొక తూరి, ఎండ ముదరకముందే
మామ తన మూట దించమంటాది.
మామ అంటే మొగుని నాయన కాదు,
కువైట్లో ఇంటామెను అట్లనే పిలవాల.
జహ్రాలో ఈ ఇంటికొచ్చి పదకొండేండ్లు.
ఆమె మోకాళ్ళకు నూనె రాసేదీ నేనే,
బీరువా మీద నుంచి
ఆమె సావును కిందికి దించేదీ నేనే.

మక్కాకు పోయినప్పుడు కొనుక్కున్న తెల్లగుడ్డ,
అయిదు ముక్కలు,
జంజం నీళ్ళలో తడిపి ఆరేసింది.
మడతలో రోంత కర్పూరం.
ఆమె కాఫూర్ అంటాది.
మాకది దేవుని ముందర, వాళ్ళకది పీనుగకు.
వాసన మాత్రం ఒకటే.

మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన
మనవళ్ళ ఇస్కూలు చొక్కాల నడుమ
ఆ గుడ్డకు క్లిప్పులు పెడతా.
ఒక ఏడు దుమ్ముగాలి లేచి అంతా ఎర్రబారింది.
నేను తల కొట్టుకుంటాంటే మామ నవ్వింది:
"మట్టికి ఆత్రం ఎక్కువ,
ముందుగానే చూసిపోను వచ్చింది."

ఆ పొద్దే గుడ్డ కొస నా భుజానికి ఆనించి
రవికెకు కొలత తీసినట్టు చెప్పింది:
"నువ్వు నాకంటే పొడుగు నాగులూ,
నీకు ఇంకో మూర పట్టాది."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
స్టోరు రూములో నా మంచం,
గోడకవతల బట్టల మిషను తిరుగుతానే ఉంది.
సాల్మియాలో పోయిన పుల్లంపేట అంజనమ్మ
కాగితాల కోసం నలభై దినాలు
చల్లటి పెట్టెలో కాసుకోనుండింది.
అది అంజనమ్మ కత అనుకున్నా.
సావంటే ఊర్లో జరిగే పని,
ఈడికి రావాలంటే దానికీ
అకామా కావాలని అనుకున్నానో ఏమో.

అయిదారు దినాలు మామ మొగం చూడలా.
టీలో చక్కెర మరిచిపోయినా.
శుక్రవారం సెలవిస్తే ముబారకియా పోయినా.
గుడ్డలంగడిలో బంగ్లా పిల్లోడు
కత్తెర పట్టుకోని అడిగినాడు, "ఏ రంగు దీదీ?"

రంగు!
మా పక్క ముత్తైదువైతే ఎర్రది, లేకుంటే తెల్లది.
మా ఆయన సలమయ్య లారీ తోలను దమ్మాం పోయి
పందొమ్మిదేండ్లు, ఉత్తరం లేదు, ఫోను లేదు.
ఉండాడని బొట్టు పెట్టుకుంటా,
లేడేమోనని చిన్నగా పెట్టుకుంటా.
నేను సచ్చేది ఖాయమే గానీ
ఏ రంగులో సచ్చేదో ఎవుర్నడగాల?

ఆ అంగట్లోనే, అందరి నడుమ నవ్వొచ్చింది,
కడుపు పట్టుకోని నవ్వినా.
పిల్లోడు బెదిరినాడు.
నీలంది ఇయ్యి అన్నా, మల్లెమొగ్గలంత పూలుండేది,
అయిదు మీటర్లు.
ముక్కాలు గంట బ్యారమాడి
పావు దీనారు తగ్గించుకున్నా.
సావు గుడ్డకు బ్యారమాడేటప్పుడు
భయం యాడ నిలబడిందో కనపడలా.

మామ చూసి తిట్టింది: "ఇది కఫనా? కర్టెను!"
అయినా తన డబ్బీలోంచి
కర్పూరం బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టింది.
నేను మూట కట్టలా.
పరుపు మీద పరిచినా, దాని మీదనే పండుకుంటాండా.
అది వచ్చేదాంకా ఊరికే ఎందుకుండాల గుడ్డ?

ఈ ఏడు మూట విప్పితే మడతలో బిళ్ళ లేదు.
మామకిప్పుడు మతిమరుపు.
"ఎవురు తీసినారు?" అని నన్నే అనుమానంగా చూసింది.
"ఎవురూ తీయలా మామా, అదే పోయింది."
"యాడికి?"
ఏం చెప్పాలో తెలీక కొత్త బిళ్ళ పెట్టినా.

రెండు గుడ్డలూ ఒకే తాడు మీద ఆరేసినా,
ఆమెది తెల్లది, నాది నీలం.
పొద్దు వాలకముందే గాలి లేచింది,
ఇసుక పడమటి పక్క గోడ మాదిరి నిలబడింది.
"యల్లా నాగులూ!" కిందనుంచి మామ కేక.
మెట్లెక్కి ఉరికినా.

ముందర ఇస్కూలు చొక్కాలు తీసినా.
రేపు ఆదివారం,
పిల్లోళ్ళకు బడుండాది.